మన రాయికి ఎన్ని పేర్లు? సాఫ్ట్‌వేర్ కొనబోతున్న గ్రానైట్ యజమానులకు బహిరంగ లేఖ

చీమకుర్తి, రామతీర్థం, ఒంగోలు చుట్టుపక్కల క్వారీలు, కటింగ్ ఫ్యాక్టరీలు నడుపుతున్న యజమానులందరికీ నమస్కారం.

నేను మీలో ఒకరి దగ్గర పందొమ్మిదేళ్లు అకౌంట్స్ చూశాను. ఎవరి దగ్గరో చెప్పను. మీకు తెలిసినా పైకి అనకండి. ఇప్పుడు మానేసి ఒంగోలులో ఇంటిపట్టున ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ అమ్మను, అమ్మేవాళ్ల దగ్గర కమీషనూ తీసుకోను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య మనవాళ్లు నలుగురు ఫోన్ చేసి "ఈఆర్పీ (సంస్థ పనులన్నిటినీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) వేయిద్దామనుకుంటున్నాం, ఏది మంచిదో చెప్పు" అని అడిగారు. నలుగురికీ ఒకటే చెప్పాను: "ఏది మంచిదో నేను చెప్పలేను. ముందు మీ ఫ్యాక్టరీ బొమ్మ, అంటే అక్కడ పని ఎలా నడుస్తుందో చూపే బొమ్మ ఒకటి గీసి చూపించండి, తర్వాత మాట్లాడదాం." ముగ్గురు మళ్లీ ఫోన్ చేయలేదు. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

ముందు మా ఫ్యాక్టరీలో జరిగింది చెప్పాలి. మా యజమానిగారి అబ్బాయి చదువు ముగించుకొని వచ్చిన కొత్తలో, హైదరాబాద్‌లో ఒక హోటల్లో డెమో చూసి సాఫ్ట్‌వేర్ ఖాయం చేసుకొచ్చారు. ఆ డెమో మాకూ ఆఫీసులో ఇంకోసారి వేసి చూపించారు. తెర మీద స్టీలు పైపులు. పైపుకో కోడు, సైజు, ధర, గోడౌన్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క. ఒకటి నొక్కితే బిల్లు, ఇంకొకటి నొక్కితే రిపోర్టు. కళ్లు చెదిరాయి. "రాయికైనా ఇంతేనండీ, పైపు బదులు రాయి అని రాసుకుంటారు" అన్నాడు వచ్చినతను. అందరం తలూపాం. నేనూ ఊపాను. ఆ రోజు నోరు విప్పకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నా.

పైపుకూ పైపుకూ తేడా లేదు. క్వారీలో తీసే రాతిదిమ్మ, అదే బ్లాకు, దానికీ ఇంకో బ్లాకుకూ పోలిక లేదు. ఒక్కో బ్లాకూ ఒక్కో మనిషి లాంటిది. మన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌లో చుక్క చిన్నదా పెద్దదా, పలచనా చిక్కనా, ఎక్కడైనా గీత ఉందా, ఏ మూలన పగులు ఉందా అన్నదాన్ని బట్టే ధర. కోడు వేసి, ఎన్ని ఉన్నాయి అని అడిగితే ప్రతిదానికీ "ఒకటే" అని జవాబు వస్తుంది. చివరికి మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే, యార్డులో ఉన్న ప్రతి బ్లాకుకూ ఒక ఐటమ్ కోడు తెరిచాం. మొదటి ఏడాది తిరిగేసరికి మా ఐటమ్ జాబితా టెలిఫోన్ డైరెక్టరీ అయింది.

అది కూడా భరించాం. అసలు దెబ్బ కొలత దగ్గర తగిలింది.

ఒక బ్లాకు 300 సెంటీమీటర్ల పొడవు, 180 వెడల్పు, 160 ఎత్తు అనుకోండి. గుణిస్తే 8.64 క్యూబిక్ మీటర్లు. అది గ్రాస్. కొనేవాళ్ల మనిషి వచ్చి టేపు పెట్టి, అంచుల తరుగు కింద పొడవులో 10, మిగతా రెండు వైపులా అయిదేసి తీసేస్తాడు. 290, 175, 155. ఇప్పుడది 7.87. అది నెట్. మధ్యలో 0.77 క్యూబిక్ మీటర్లు, అంటే బరువులో రెండు టన్నుల పైమాటే. ఇందులో దాపరికం ఏమీ లేదు, మన వ్యాపారంలో తరతరాల రివాజు. ఎంత తరుగు తీయాలన్నది బేరాన్ని బట్టి మారుతుంది కూడా. అదే రాయి కాటా ఎక్కితే టన్నుల్లో ఉంటుంది. బ్లాకును పలకలుగా కోసే గ్యాంగ్‌సా యంత్రం నుంచి దిగితే రెండు సెంటీమీటర్ల స్లాబులై యాభై పైచిలుకు పలకలుగా, చదరపు అడుగుల్లో ఉంటుంది. ఒకే రాయి, నాలుగు కొలతలు, నాలుగూ నిజాలే. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం "క్వాంటిటీ" అని ఒకటే గడి.

ఆ గడిలో క్వారీ గుమాస్తా గ్రాస్ రాశాడు. డిస్పాచ్‌లో కుర్రాడు నెట్ రాశాడు. నెలాఖరుకు చూస్తే సాఫ్ట్‌వేర్ స్టాకు లెక్కలో, యార్డులో లేని రాయి మిగిలి ఉంది, అమ్మిన ప్రతి బ్లాకుకూ ఒక ముక్క చొప్పున. అసలు లేని ఆ రాళ్లన్నిటికీ విలువ కట్టి బ్యాలెన్స్ షీటులో చూపించాల్సి వస్తుందేమోనని నాకు నిద్రపట్టలేదు.

ఇక పేర్లు. క్వారీలో పెకలించినప్పుడు ఎర్ర పెయింటుతో ఒక నంబరు వేస్తారు. బయ్యర్ మనిషి చూసి ఖాయం చేసినప్పుడు పసుపు పెయింటుతో తన గుర్తు, తన నంబరు. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు మన నంబరు. ఒక మార్చి నెలలో సాఫ్ట్‌వేర్ ఒక బ్లాకు అమ్ముడైపోయిందని చూపించింది, అది యార్డులో నిక్షేపంగా ఉంది. ఇంకో బ్లాకు ఉందని చూపించింది, అది ఓడెక్కి ఇరవై రోజులైంది. మా యార్డు సూపర్‌వైజర్ తడిగుడ్డతో దుమ్ము తుడుచుకుంటూ మూడు వరుసలు తిరిగి, ఒక రాయి ముందు ఆగి, "సార్, ఇదీ అదీ ఒకటే. మీ కంప్యూటర్‌లో రెండయ్యాయి" అన్నాడు. క్వారీ నంబరుతో ఒకసారి, బయ్యర్ నంబరుతో ఒకసారి ఎక్కించాం. ఆయన జేబులో నాలుగు మడతలు పెట్టిన నోటు పుస్తకంలో మూడు నంబర్లూ పక్కపక్కనే ఉన్నాయి. లక్షలు పోసి కొన్న దానికి లేని బుద్ధి నలభై రూపాయల పుస్తకానికి ఉంది.

కంపెనీ వాళ్లు స్టిక్కర్లు వేయమన్నారు, క్యూఆర్ కోడుతో. తడి రాయికి స్టిక్కర్ అంటదని వాళ్లకెవరు చెప్పాలి? పద్నాలుగు నెలలకు మళ్లీ ఎక్సెల్‌కు వచ్చాం. ఏటేటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు మాత్రం ఇంకో ఏడాది కట్టాం, ఒప్పందం అలా ఉంది మరి.

ఆ సాఫ్ట్‌వేర్ చెడ్డదని నేననను. పైపులు అమ్మేవాడికి అది బంగారం. మన పని ఎలా నడుస్తుందో మనమే ఎక్కడా రాసుకోకుండా, వాడి తెరలో మన పనిని వెతుక్కున్నాం. పెద్దపెద్ద వాళ్లకే ఇది తప్పలేదు. జర్మనీ సూపర్ మార్కెట్ల సంస్థ లిడ్ల్ 2011లో శాప్ సాఫ్ట్‌వేర్‌తో పని మొదలుపెట్టి 2018లో ఆపేసింది. సుమారు 50 కోట్ల యూరోలు పోయాయని పత్రికలు రాశాయి. కారణాల్లో ఒకటి వింటే మీకు నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది. లిడ్ల్ తన సరుకు విలువను కొన్న ధరలో లెక్క పెట్టుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మే ధరలో లెక్క పెడుతుంది. లిడ్ల్ తన లెక్క మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే వంచమంది. వంచుతూ వంచుతూ ఏడేళ్లు గడిచాయి. మన గ్రాస్, నెట్ గొడవే అది, సున్నాలు ఎక్కువ.

మానేశాక తీరిగ్గా చదివితే తెలిసింది, నేను "ఫ్యాక్టరీ బొమ్మ" అంటున్నదానికి ఎప్పటినుంచో ఒక పేరుందని: ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. ఐబీఎంలో పనిచేసిన జాన్ జాక్‌మన్ 1987లో దీని మీద ఒక వ్యాసం రాశారు. ఇల్లు కట్టేటప్పుడు యజమానికి ఒక బొమ్మ, మేస్త్రీకి ఒక బొమ్మ, కరెంటు పనివాడికి ఒక బొమ్మ ఉంటాయి కదా, సంస్థ కంప్యూటర్ పనికీ అలాగే ఉండాలన్నది ఆయన ఆలోచన. తర్వాత 1995లో ది ఓపెన్ గ్రూప్ అనే సంస్థ టోగాఫ్ అనే పద్ధతి తెచ్చింది. 2022లో దాని పదో కూర్పు వచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వమే ఈ-ప్రగతి పేరుతో శాఖలన్నిటినీ ఇలా ఒక బొమ్మలో చూడాలని తలపెట్టింది. కేంద్ర ఐటీ శాఖ 2018లో ఇండ్ఈఏ (ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్) అనే చట్రాన్ని తెచ్చింది. ఆ పుస్తకాలన్నీ చదవమని నేను చెప్పను. ఎనభై మంది పనిచేసే ఫ్యాక్టరీకి మూడు వందల పేజీల నివేదిక రాసిపెడతామని వచ్చే కన్సల్టెంటును కూడా గేటు దగ్గరే ఆపండి. చార్టు పేపరు, స్కెచ్ పెన్నులు, రెండు వారాల ఓపిక ఉంటే చాలు.

ఫ్యాక్టరీ గేటు ఈశాన్యంలో ఉండాలా, ఆఫీసు తలుపు ఎటు తెరవాలి అని వాస్తు సిద్ధాంతిని ఎన్నిసార్లు పిలిచాం? దీనికీ అంత శ్రద్ధ పెట్టమనే అడుగుతున్నా.

ఆ బొమ్మలో నాలుగు పొరలు ఉంటాయంటారు. మన మాటల్లో చెప్తాను. మొదటిది పని. క్వారీలో రాయి పుట్టిన దగ్గర్నుంచి కంటెయినర్ తలుపు మూసేదాకా ఎవరు ఏం చేస్తారు, ఏది ఆగితే ఏది ఆగుతుంది. రెండోది సమాచారం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, మేం మునిగిందీ ఇందులోనే. బ్లాకు అంటే ఏమిటి? దాని అసలు పేరు ఏది, మారుపేర్లు ఏవి? కొలతల్లో ఏది ఎక్కడ పుడుతుంది, ఎవరు రాస్తారు? మా ఫ్యాక్టరీలో ఒకసారి కూర్చొని లెక్కపెట్టాను. ఒక బ్లాకు నంబరు క్వారీ నుంచి కంటెయినర్‌దాకా పదకొండు సార్లు చేత్తో రాస్తున్నాం. పదకొండులో ఏ ఒక్కచోట 7 కాస్తా 1 అయినా రాయి మాయం. నంబరు ఒకచోటే పుట్టాలి, మిగతా పదిచోట్లా అక్కడి నుంచే తీసుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా సరే, ఈ ఒక్క నిర్ణయం మీరు తీసుకోకపోతే అది మీ తరఫున తీసుకోదు.

మూడో పొర, ఇప్పటికే వాడుతున్నవి. "మాకేం లేవండీ, ట్యాలీ ఒక్కటే" అంటారు అందరూ. కాటా దగ్గర ఒక కంప్యూటర్ ఉంటుంది, దానికీ దీనికీ మాటల్లేవు. స్లాబుల ఫొటోలు వాట్సాప్‌లో ఉంటాయి, బయ్యర్‌తో బేరమంతా అక్కడే. ఎగుమతి కాగితాలు క్లియరింగ్ ఏజెంటు దగ్గర ఉంటాయి. సూపర్‌వైజర్ జేబులో పుస్తకం ఉంటుంది. ఇవన్నీ బొమ్మలోకి ఎక్కాలి, ముఖ్యంగా ఆ జేబు పుస్తకం. ఇక ప్రభుత్వం వైపు గీతలు. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, తప్పనిసరి. 10 కోట్లు, ఆ పైన ఉన్నవాళ్లు 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు వేసిన 30 రోజుల్లోపు పోర్టల్‌కు ఎక్కించాలి, లేకపోతే అది తీసుకోదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా ఉన్నవాళ్లు 2023 ఏప్రిల్ 1 నుంచి, ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో చెరగకుండా నిలిచే లెక్కల సాఫ్ట్‌వేరే వాడాలి. పాత తేదీలో సర్దేసే అలవాటు మనలో ఎంతమందికి ఉందో నన్ను అడక్కండి.

నాలుగో పొర యంత్రాలు, నెట్‌వర్క్. క్వారీ గుంతలో దిగితే ఫోనుకు సిగ్నల్ ఉండదు. నెట్ లేకపోతే తెరవని సాఫ్ట్‌వేర్‌తో అక్కడ ఏం చేస్తారు? పాలిషింగ్ లైన్ దగ్గర నీళ్లు, బురద. ట్యాబ్లెట్ ఇస్తే వారం బతకదు. ఒడిశా, రాజస్థాన్ నుంచి వచ్చి పనిచేసే కుర్రాళ్లకు తెలుగు తెర అయినా ఇంగ్లీషు తెర అయినా ఒకటే. అక్కడ బొమ్మలు, రంగులు, పెద్ద అంకెలు కావాలి. ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి, కొన్నాక పెద్దవవుతాయి.

గత సెప్టెంబరు సంగతి ఒకటి చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్రానైట్ బ్లాకుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా. ముందు రోజు రాత్రి పదింటికి ఇంకో ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, మా దాంట్లో కూడా ప్రతి బ్లాకూ ఒక ఐటమే. రేటు ఐటమ్ లోపలుంది. రెండు వేల ఎనిమిది వందలు తెరిచి మార్చాలి. తెల్లారితే నాలుగు లారీలు ఉన్నాయి."

"స్లాబులు ముట్టుకోకు, అవి పద్దెనిమిది శాతమే. రేపు పోయే నాలుగు లారీల బ్లాకులు మాత్రం మార్చుకొని పడుకో" అన్నాను.

పన్ను రేటు రాయికి సంబంధించింది కాదు, రాయి ఏ కోవలోది అన్నదానికి సంబంధించింది. బ్లాకు అనే కోవ దగ్గర ఒకచోట రాసి ఉంటే ఆ తమ్ముడికి ఒక నిమిషం పని. రెండో పొర అనేది ఇందుకే. బొమ్మ గీసి ఉంటే డెమో రోజే అడిగేవాళ్లం: "పన్ను రేటు మారితే ఎన్నిచోట్ల మార్చాలి, మార్చి చూపించు" అని.

బొమ్మ గీశాక ఇంకో పని ఉంది. మన పనుల్లో ఏవి అందరిలాంటివి, ఏవి మనకే ప్రత్యేకం అని రెండు రంగులు వేయండి. జీతాలు, పీఎఫ్, జీఎస్టీ, బ్యాంకు లెక్క, కొనుగోళ్లు, ఇవి బియ్యం మిల్లుకూ మనకూ ఒకటే. వీటిలో రెడీమేడ్ తీసుకోండి. "మా నాన్నగారు ఓచరు ఇలాగే వేసేవారు" అని పట్టుబట్టి సాఫ్ట్‌వేర్‌ను వంచమనకండి, మన అలవాటే మార్చుకోవాలి. బ్లాకు కొలత, బ్లాకు నుంచి స్లాబు ఎంత వచ్చింది అన్న రికవరీ, బయ్యర్ మార్కింగ్, పగిలిన పలకల లెక్క, ఇవి మనవి. ఇక్కడ మాత్రం మనం వంగకూడదు. ఇందులో సరిపోని సాఫ్ట్‌వేర్ మిగతావన్నీ ఎంత బాగా చేసినా వద్దనండి. అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉండాలన్న రూలూ లేదు. ట్యాలీని ట్యాలీలాగే ఉంచి, యార్డుకు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాయించుకొని, రెండింటి మధ్య ఒక్క గీత గట్టిగా వేసుకున్న ఫ్యాక్టరీ మన కర్నూలు రోడ్డులోనే ఉంది. నాకు తెలిసినవాటిలో బాగా నడుస్తున్నది అదే. ఆయన పేరు చెప్తే అందరూ ఆయన మీద పడతారు, చెప్పను.

ఎంచుకునేటప్పుడు నాలుగు వందల ప్రశ్నల ఎక్సెల్ పంపి, "ఉందా, లేదా" రాయించుకునే పద్ధతి ఒకటుంది. నేనూ పంపాను. అమ్మేవాళ్లందరూ అన్నిటికీ "ఉంది" అని రాశారు, ఒకరిద్దరు "తర్వాతి వెర్షన్‌లో" అన్నారు. మన జిల్లావాళ్లకు ఇది నేను చెప్పాలా? ఒంగోలు గిత్తను కొమ్ములకు వేసిన రంగు చూసి కొంటామా? పళ్లు పట్టి చూస్తాం, మూపురం చూస్తాం, నడిపిస్తాం, కాడి కట్టి బండ లాగిస్తాం. రెండు పళ్ల గిత్తను ఆరు పళ్ల విభాగంలో దింపం. సాఫ్ట్‌వేర్‌తో కూడా మన బండే లాగించాలి. మీ యార్డులో అన్నిటికన్నా చిక్కు పెట్టిన పది బ్లాకులు తీయండి. రెండు నంబర్లున్నది, కోస్తే మధ్యలో విరిగింది, బయ్యర్ ఖాయం చేసి తర్వాత వద్దన్నది, సగం స్లాబులు ఒక దేశానికి, సగం ఇంకో దేశానికి వెళ్లింది. ఆ పదీ మీ కళ్ల ముందు ఎక్కించి, చివరకు స్టాకు, బిల్లు, సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు సరిగ్గా వచ్చాయో లేదో చూడండి. వాళ్ల స్టీలు పైపులు మనకొద్దు.

ఈ బొమ్మ గీసేటప్పుడు యజమాని కూర్చోవాలి. ఇది నా గట్టి పట్టు. మేనేజర్‌కు అప్పజెప్తే మేనేజర్‌కు తెలిసిన ఫ్యాక్టరీయే గీస్తాడు. యార్డు సూపర్‌వైజర్, గ్యాంగ్‌సా ఆపరేటర్, డిస్పాచ్ కుర్రాడు, అకౌంటెంటు, మీరు, ఒక బల్ల చుట్టూ. మొదటి రోజు అందరూ మీ ముఖం చూసి మాట్లాడతారు, పనికొచ్చేదేం రాదు. మూడో రోజుకు సూపర్‌వైజర్, డిస్పాచ్ కుర్రాడు నీదంటే నీదని వాదించుకుంటారు. ఆ వాదనలోనే అసలు సంగతులు బయటపడతాయి. కాఫీలు పంపిస్తూ వినండి. మధ్యలో తీర్పు చెప్పకండి.

గీసిన బొమ్మ మీ దగ్గరే ఉండాలి, అమ్మేవాడి దగ్గర కాదు. మీ లెక్కలన్నీ ఎప్పుడు అడిగితే అప్పుడు, మామూలు ఫైలులో తీసుకెళ్లే హక్కు ఒప్పందంలో రాయించుకోండి. మాకు ఆ లైను లేక, పద్నాలుగు నెలల బ్లాకుల చరిత్ర తెర మీద చూసి చేత్తో కాపీ చేసుకున్నాం. నేనూ, ఇంకో అమ్మాయీ, ఇరవై రెండు రాత్రులు.

నేను గీసిన మొదటి బొమ్మ మా పాత ఆఫీసులో బీరువా వెనక చుట్టి పెట్టి ఉండాలి, ఎలుకలు కొట్టకపోతే. రెండోది నా దగ్గర ఉంది. అందులో ఒక మూల ఎర్ర పెయింటు నంబరు, పసుపు నంబరు, గేటు నంబరు మూడూ ఒకే గడిలో ఉంటాయి, ఆ సూపర్‌వైజర్ పుస్తకంలో ఉన్నట్టే. అది చూసి గీశాను కాబట్టి. ఆదివారం ఎప్పుడైనా రండి, కాపీ తీసుకెళ్లొచ్చు. మీ సూపర్‌వైజర్‌నూ వెంటబెట్టుకు రండి, ఆ జేబు పుస్తకంతో సహా.

ఇట్లు,
మీ దగ్గర లెక్కలు రాసి విరమించిన ఒక అకౌంటెంటు,
ఒంగోలు